డాక్టరుగారి మేపుల్ చెట్టు

కెనడాలోని వాటర్లూలో ఏ తెలుగువాళ్ళు భోజనానికి పిలిచినా, పప్పు వడ్డన పూర్తయ్యేలోపు అమరేశ్వరరావుగారు టర్కీకోళ్ళ దగ్గరికి వచ్చేస్తారు. మాట ఎక్కడ మొదలైందన్నది ముఖ్యం కాదు. మంచు గురించి కావచ్చు, ఎవరి అబ్బాయికో చదువు మధ్యలో దొరికిన కో-ఆప్ ఉద్యోగం గురించి కావచ్చు. ఆయన చేతిలో పడితే అది రెండు మలుపులు తిరిగి, పక్క ఊరు ఎల్మైరా దాటాక ఉన్న ఒక చిన్న అడవిలో, ఒక మేపుల్ చెట్టు మొదట్లో వెళ్ళి కూర్చుంటుంది. పక్కనున్న ఆయన భార్య హైమావతిగారు కథ ఎంతవరకు వచ్చిందో ఒక చెవితో వింటూనే ఉంటారు. "ఇంకా పుంజు కొమ్మ దిగలేదు. మీరు పెరుగు వేసుకోండి, టైముంది" అని అతిథులకి ధైర్యం చెబుతారు.

వెనకాల నవ్వుకున్నా, ఆయనంటే అందరికీ గౌరవమే. ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళల్లో తుపాకీ లైసెన్సు తీసుకుని, ఏటా వసంతంలో అడవిలో కూర్చునే మనిషి అప్పటికి ఆయన ఒక్కరే. మనవాళ్ళకి టర్కీ అంటే థాంక్స్‌గివింగ్‌కి ఆఫీసులో పెట్టే చప్పిడి మాంసం. దానికోసం డెబ్బయ్యో ఏట తెల్లవారకముందే లేచి, తడి నేల మీద రెండు గంటలు కదలకుండా కూర్చోవడం ఎందుకో ఎవరికీ బోధపడదు. ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఇరవై రెండేళ్ళలో ఆయన కొట్టినవి పదకొండు పుంజులే. వాటి కాళ్ళు కుక్కర్లో ఏడు విజిల్స్ వచ్చినా లొంగవని హైమావతిగారి ఫిర్యాదు.

ఆయనది తెనాలి దగ్గర పల్లెటూరు. చదివింది పశువైద్యం. ఎనభై ఆరులో కెనడా వచ్చి, ఇక్కడి లైసెన్సు పరీక్షలు గట్టెక్కేదాకా నాలుగేళ్ళు కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేశారు. ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళు ఎల్మైరా చుట్టుపక్కల పాడిరైతుల ఆవులు చూశారు. ఒంటారియోలో ఎప్పుడో అంతరించిపోయిన అడవి టర్కీలని బయటి నుంచి తెచ్చి మళ్ళీ ఇక్కడి అడవుల్లో వదిలిందీ ఆ రోజుల్లోనే. "మేమూ టర్కీలూ ఇంచుమించు ఒకేసారి దిగాం. వాటికి పరీక్షలు పెట్టలేదు, అంతే తేడా" అంటారాయన.

వేట నేర్పింది గార్డన్ అనే తోటి డాక్టరు. రిటైరవుతూ ఆయన తన చెక్కడబ్బా ఒకటి ఈయన చేతిలో పెట్టాడు. మూతని అంచు మీద రాస్తే అచ్చం పెట్టటర్కీ పిలిచినట్టు కూత వస్తుంది, అది విని పుంజు వెతుక్కుంటూ వస్తుంది. గార్డన్ రాస్తే వచ్చేది. అమరేశ్వరరావుగారు రాస్తే తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టుండేది. ఇంట్లో వద్దని హైమావతిగారు కచ్చితంగా చెప్పడంతో, గరాజ్‌లో కారు అద్దాలన్నీ ఎక్కించుకుని రెండేళ్ళు సాధన చేశారు. పొరుగింటి కుక్క మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు.

గార్డన్ ఇంకొకటి కూడా నేర్పాడు. ఎవరి నేలలోనైనా అడుగు పెట్టేముందు వాళ్ళ తలుపు తట్టాలి. టోపీ తీసి, పేరు చెప్పుకుని, అడగాలి. ఈ పాఠం మాత్రం అమరేశ్వరరావుగారికి మొదటిరోజే వచ్చేసింది. ఏటా ఏప్రిల్ రెండో వారంలో హైమావతిగారు చేసిన సున్నుండలు ఒక డబ్బాలో పెట్టుకుని ఏబ్రమ్ బౌమన్ ఇంటికి వెళ్ళేవారు. ఏబ్రమ్ మెనొనైట్ రైతు, పాతకాలపు పద్ధతులు వదలని క్రైస్తవ శాఖ వాళ్ళది. ఇంట్లో ఫోను లేదు, కారు లేదు, గుర్రబ్బండి ఉంది. ఆయన ఆవులకి అడ్డం తిరిగిన దూడలు ఎన్నిటినో ఈ డాక్టరుగారే బయటికి లాగారు. "ఈ ఏడు కూడా అడవిలోకి రావచ్చా?" అని ఈయన అడగడం, "వానగా ఉంటే కారు గేటు దగ్గరే ఆపు" అని ఆయన అనడం, చెయ్యీ చెయ్యీ కలపడం. ఇరవై రెండేళ్ళుగా ఇంతే ఒప్పందం. ఏబ్రమ్ భార్య లిడియా బతికున్నప్పుడు డబ్బా కడిగి, దాన్నిండా బిస్కట్లు పెట్టి పంపేది.

ఈ మధ్య కాలం మారింది. ఫోనుల్లో వేటగాళ్ళ కోసం మ్యాపులొచ్చాయి. ఎవరి భూమి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీతలు గీసి చూపిస్తాయి. గాలి ఎటు వీస్తుందో, సూర్యుడు ఏ నిమిషానికి వస్తాడో చెబుతాయి. టర్కీని ఎలా పిలవాలో, పిలిస్తే రాకపోతే ఏం చెయ్యాలో వేల వీడియోలు. ఏప్రిల్ చివర పొద్దున్న ఎల్మైరా వైపు వెళ్తే మట్టిరోడ్ల పక్కన వరసగా కార్లు. అందరూ ఒకే వీడియోలు చూసి ఒకే కూత కూస్తుండడంతో, మే నెల మొదటి వారానికల్లా పుంజులు మౌనవ్రతం పట్టేస్తున్నాయి. అవి కూడా ఆ వీడియోలు చూస్తున్నాయేమోనని అమరేశ్వరరావుగారికి అనుమానం.

"ఈ కాలం పిల్లలకి రైతు పొలం హద్దు తెలుసండీ, రైతు పేరు తెలీదు" అని ఆయన ప్రతి భోజనం దగ్గరా బాధపడతారు. దాని వెంటే ఒక వీరగాథ వస్తుంది. రెండేళ్ళ కిందట సీజన్ మొదటిరోజు పొద్దున ఆయన వెళ్ళేసరికి, ఆయన మేపుల్ చెట్టు కింద ఇద్దరు కుర్రాళ్ళు ఫోనులు పట్టుకుని కూర్చున్నారట. "పర్మిషనుందా?" అని అడిగితే "డోరిస్‌గారు ఇచ్చారు" అన్నారట. డోరిస్ షాంట్జ్ అంటే పక్క పొలం ముసలావిడ. "డోరిస్ నేల ఆ కంచెకి అవతల, నాయనా. ఇది ఏబ్రమ్‌ది. ముందు తలుపు తట్టి అడగడం నేర్చుకోండి" అని ఈయన మెత్తగా, మర్యాదగా, ఇంగ్లీషులో గడ్డి పెట్టారు. వాళ్ళు తలలు వంచుకుని వెళ్ళిపోయారు. ఈ కథ వాటర్లూలో తెలియని తెలుగిల్లు లేదు.

ఈ ఏడు ఉగాది ఫంక్షన్‌లో, పులిహోర లైనులో నిలబడి ఉండగా, ఒకమ్మాయి ఆయన దగ్గరికి వచ్చింది. పేరు నిఖిల. జగిత్యాల వైపు పిల్ల. ఇక్కడే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తోంది.

"అంకుల్, మీరు టర్కీ హంటింగ్ చేస్తరంట గదా. నేను పోయినేడు లైసెన్సు తీసుకున్న. నాకు గూడ చెప్తరా?"

అమరేశ్వరరావుగారి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "ఇప్పటిదాకా ఎవరు నేర్పారమ్మా?"

"ఎవ్వరు లేరు అంకుల్. వీడియోలు చూసిన. మూడొందలు దాటినయి."

"నేను ఒక్క గార్డన్‌ని చూశా" అన్నారాయన.

నిఖిల హ్యాండ్‌బ్యాగ్‌లోంచి గుర్రపునాడా ఆకారంలో ఉన్న చిన్న రబ్బరు బిళ్ళ తీసి నాలుక మీద పెట్టుకుంది. అక్కడే, పులిహోర గిన్నె ముందు, పెట్టటర్కీ పిలిచింది. హాలు మొత్తం తిరిగి చూసింది. అమరేశ్వరరావుగారికైతే గార్డన్ మళ్ళీ బతికొచ్చినట్టనిపించింది. ఆ కూతలో తడబాటు లేదు, తుప్పు లేదు.

"ఎన్నాళ్ళు పట్టింది?" అని అడిగారు, జవాబు వినాలని లేకపోయినా.

"రెండు వారాలు. ఆఫీసుకు ట్రెయిన్ల పొయ్యేటప్పుడు ప్రాక్టీస్ చేసిన. ఒకామె సీటు మార్చుకున్నది."

రెండేళ్ళ గరాజ్ తపస్సు ఆయన కళ్ళ ముందు మెదిలింది. "మరి నాతో పనేముందమ్మా నీకు?"

"వీడియోలల్ల అన్నీ ఉన్నయి అంకుల్. ఎవరి పొలంల కూసోవాల్నో లేదు. తెల్వనోళ్ళ తలుపు కొట్టాలంటే నాకు భయం. అది మీరు చెప్పాలె."

ఈ మాటతో ఆయన పూర్తిగా కరిగిపోయారు. తనకి వచ్చిన విద్య ఏదో ఈ పిల్లకి తెలుసు. వచ్చే శనివారమే బయల్దేరదామన్నారు.

ఆ శనివారం తుపాకుల్లేకుండా, చోటు చూసి రావడానికి వెళ్ళారు. సీజన్‌కి ఇంకా వారం ఉంది. తెల్లవారుతుండగా కారు గేటు దగ్గర ఆపి, ఏబ్రమ్ పొలం గట్టు వెంట నడిచారు. దారి పొడుగునా పోటీయే. ఆయన వేలు తడిపి గాలి చూస్తే, ఆమె ఫోను చూసి "పడమర అంకుల్" అనేది. ఆయన చెవి ఒగ్గి నిలబడితే, ఆమె ఆ నిలబడ్డ చోట ఫోనులో ఒక గుర్తు పెట్టుకునేది. ఒక దగ్గర ఆయన రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని గుడ్లగూబలా కూశారు. అది మాత్రం ఆయనకి బాగా వచ్చు. గుడ్లగూబ కూత వింటే పుంజు ఉండబట్టలేక అరిచి, తానున్న చోటు బయటపెట్టుకుంటుంది. అడవిలోంచి ఒక పుంజు గళగళమని బదులిచ్చింది. నిఖిల ఫోను పక్కన పెట్టి, నోరు తెరుచుకుని ఆయన వైపు చూసింది. ఆ చూపుకి ఆయన ఆ ఏడాదికి సరిపడా పొంగిపోయారు.

అడవి మధ్యలో బురదగా ఉన్న పల్లం ఒకటి ఉంది. దాన్ని చుట్టి అవతలికి వెళ్తే కొంచెం మెరక, మెరక మీద మేపుల్ చెట్టు. ఇద్దరు చేతులు చాస్తే గానీ అందనంత లావు. మొదట్లో రెండు వేర్ల మధ్య ఆయన వీపుకి కొలిచి చేసినట్టున్న చోటు. చెట్టుకి పది అడుగుల అవతల పాత తీగ కంచె.

"ఇదేనమ్మా" అన్నారాయన, ఇల్లు చూపించినట్టు. "ఇరవై రెండేళ్ళు."

నిఖిల చెట్టుని చూసింది. ఫోను చూసింది. మళ్ళీ చెట్టుని చూసింది.

"అంకుల్, ఇది ఎవరి ల్యాండు?"

"ఏబ్రమ్‌ది. అదిగో కంచె. కంచెకి ఇవతలంతా ఆయనదే."

"యాప్ల గీత కంచె కాడ లేదు అంకుల్. మనం చుట్టు తిరిగొచ్చిన బురద ఉన్నది గదా, దాని నడుమల నుంచి పోతున్నది. చెట్టు అవతలోళ్ళ దాంట్ల ఉన్నది."

అమరేశ్వరరావుగారు నవ్వారు. "ఫోనుకి పొలం ఏం తెలుసమ్మా. తప్పు చూపిస్తోంది."

"తప్పు చూపిస్తే నాలుగైదు మీటర్లు చూపిస్తది. ఇది అరవై మీటర్లు అంకుల్."

ఆయన వెనక్కి బురద దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచారు. మళ్ళీ చెట్టు దాకా లెక్కపెట్టారు. ఏం తేల్చుకుందామని లెక్కపెట్టారో ఆయనకే తెలియదు. ఈలోగా నిఖిల చెట్టు కాండం మీద చెయ్యి పెట్టి చూస్తోంది. నడుము ఎత్తులో గుండ్రటి బెజ్జాలు. కొన్ని పాతవి పూడిపోయాయి. రెండు మాత్రం ఈ మార్చిలో వేసినవి, ఇంకా తడిగా ఉన్నాయి.

"ఇవి మేపుల్ సిరప్ కాచనీకి రసం తీసిన బెజ్జాలు గదా. ఏబ్రమ్ అంకుల్ సిరప్ కాస్తరా?"

అమరేశ్వరరావుగారు దగ్గరికొచ్చి ఆ తడి బెజ్జాన్ని వేలితో తడిమారు. ముప్ఫయ్యేళ్ళలో ఏబ్రమ్ దొడ్లో ఆయన ఒక్క సిరప్ బకెట్ చూడలేదు. ఆ బెజ్జాలకి వీపు ఆనించి ఇరవై రెండు వసంతాలు కూర్చున్నారు గానీ, అవి ఎవరు వేశారని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

"మరి మీరు పంపించేసిన ఆ ఇద్దరు…" అని మొదలుపెట్టి నిఖిల ఆగిపోయింది. ఆ కథ ఆమె కూడా విన్నది, ఉగాది రోజునే, రెండుసార్లు.

డాక్టరుగారికి తల కొట్టేసినట్టయింది.

కారెక్కాక నిఖిల మెల్లిగా అంది. "అంకుల్, ఆ చెట్టు కాడ పెట్టిన గుర్తు నేను తీసేస్త. మనిద్దరికి తప్ప ఎవ్వరికి తెల్వది."

ఒక్క క్షణం ఆయనకి ఆ మాట చాలా తియ్యగా వినిపించింది. అడిగితే డోరిస్ కాదనవచ్చు. కాదంటే చెట్టు పోయినట్టే. ఈ మోకాళ్ళతో ఈ వయసులో ఇంకో అడవి, ఇంకో చెట్టు వెతుక్కోవడం జరిగే పని కాదు. అడక్కపోతే చెట్టు ఉంటుంది. కానీ తలుపు తట్టడం నేర్పమని వచ్చిన పిల్ల పక్క సీట్లోనే కూర్చుని ఉంది.

"తీసెయ్యకు. ఉండనీ" అన్నారు.

ముందు ఏబ్రమ్‌ని అడిగి చూద్దామని బండి అటు తిప్పారు. ఏబ్రమ్ పాకలో గుర్రం జీను కుట్టుకుంటున్నాడు. విషయం విని, సూది ఆపకుండానే తల ఊపాడు.

"హద్దు బురదలోనే ఉంది. అక్కడ గుంజలు నిలబడవు. అందుకని మా నాన్న, డోరిస్ మామగారు మాట్లాడుకుని గట్టినేల మీద కంచె వేసుకున్నారు. ఆ చెట్టు డోరిస్‌దే. ఈ చుట్టుపక్కల అందరికీ తెలిసిందేగా."

"నాకు చెప్పలేదేం ఏబ్రమ్?"

అప్పుడు ఆపాడు సూది. "నువ్వు ఆమెని అడిగి ఉంటావనుకున్నాను డాక్టర్ రావ్. నువ్వు అడిగే మనిషివి కదా."

తిట్టినా బాగుండేది. డాక్టరుగారు టోపీ పెట్టుకుని వచ్చేశారు.

ఇంటికొచ్చి హైమావతిగారికి చెబితే, ఆవిడ మొదట నవ్వారు. బాగా నవ్వారు, కుర్చీలో కూర్చుని మరీ నవ్వారు. "అయితే ఇరవై రెండేళ్ళు నా సున్నుండలు వేరే ఇంటికి మోశారన్నమాట. ఎంత పెద్ద డాక్టరండీ మీరు." ఆయన మొహం చూశాక నవ్వు ఆపేశారు. మినుములు వేయించడం మొదలుపెట్టారు. ఆ సాయంత్రమంతా ఇంట్లో నెయ్యి వాసన. ఆయన పడగ్గదిలో అద్దం ముందు నిలబడి, ఏం చెప్పాలో ఇంగ్లీషులో సాధన చేశారు. ఎనభై తొమ్మిదిలో లైసెన్సు బోర్డు ముందు ఇంటర్వ్యూకి కూడా ఇంత సాధన చెయ్యలేదు.

డోరిస్ ఇల్లు ఆయన ఎప్పుడూ చూడలేదు. భర్త పోయాక ఆవిడ ఆవుల్ని అమ్మేసింది. పశువుల్లేని ఇంటికి పశువుల డాక్టరు వెళ్ళే పని పడదు. మర్నాడు మధ్యాహ్నం నిఖిలని వెంటబెట్టుకుని వెళ్ళారు. తలుపు ఎలా తట్టాలో చూపించడానికే తీసుకెళ్తున్నానని హైమావతిగారికి చెప్పారు. ఒక్కరే వెళ్ళడానికి ధైర్యం చాలలేదన్నది అసలు సంగతి.

తలుపు ముందు టోపీ తీశారు. చెయ్యెత్తారు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. జీవితంలో ఎన్ని తలుపులు తట్టారో లెక్కలేదు, కానీ అవన్నీ తప్పు చెయ్యని మనిషి తట్టిన తలుపులు. నిఖిల ఆయన వైపు ఓసారి చూసి, ముందుకొచ్చి మూడుసార్లు తట్టింది. తెలియనివాళ్ళ తలుపు తట్టాలంటే భయమన్న పిల్ల తనే.

తలుపు తెరిచిన డోరిస్‌కి ఎనభై దాటి ఉంటాయి. సన్నగా, పొట్టిగా, చంకలో పిల్లితో ఉంది. ఈయన్ని చూసింది, డబ్బాని చూసింది.

"లోపలికి రా డాక్. పిల్లికి జబ్బేం లేదు, నువ్వే ఏదో జబ్బు మనిషిలా ఉన్నావు" అంది.

అద్దం ముందు నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది. కుర్చీ అంచు మీద కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆ చెట్టు మీ నేలలో ఉందని తెలియదు. తెలుసుకోవాల్సింది, తెలుసుకోలేదు. ఇరవై రెండేళ్ళు అడక్కుండా కూర్చున్నాను. పైగా మీరు అనుమతి ఇచ్చిన పిల్లల్ని నేనే వెళ్ళగొట్టాను. చివరికొచ్చేసరికి గొంతు ఆయన చెక్కడబ్బాలాగే పలికింది.

డోరిస్ ఈలోగా డబ్బా మూత తీసి ఒక సున్నుండ నోట్లో వేసుకుంది. తాపీగా తిని, వేళ్ళకంటిన పొడి దులుపుకుంది.

"లిడియా ఏటా నాకు రెండు తెచ్చిపెట్టేది. ఆమె పోయి రెండేళ్ళయింది కదా, అప్పట్నుంచీ లేవు" అంది. "నువ్వు అడుగుతావేమోనని మొదటి ఐదేళ్ళు చూశాను. కోపంగానే ఉండేది. ఆ తర్వాత అలవాటైపోయింది. ఏప్రిల్ చివర పొద్దున్నే ఆ కిటికీలోంచి నీ చెక్కడబ్బా వినిపించేది. పెట్టటర్కీ గొంతు అంత ఘోరంగా ఇంకెవరూ పలికించలేరు. అది వినపడితే వసంతం వచ్చిందనుకునేదాన్ని."

నిఖిల నవ్వు ఆపుకోవడానికి పిల్లిని దువ్వడం మొదలుపెట్టింది.

"ఆ కుర్రాళ్ళు?" అన్నారు డాక్టరుగారు.

"టైలర్ మా చెల్లెలి మనవడు. ఇంకొకడు వాడి స్నేహితుడు. ఆ రోజు తిరిగొచ్చి, ఎవరో పెద్దాయన పర్మిషన్ అడగమన్నాడని చెప్పి మళ్ళీ అడిగాడు. అప్పట్నుంచీ ఏటా రెండుసార్లు అడుగుతాడు. ఆ చెట్టు నీదే నాయనా అని చెప్పినా మళ్ళీ అటు వెళ్ళలేదు. నువ్వు ఉంటావని భయం."

ఇది మాత్రం ఆయనకి గట్టిగా తగిలింది. చెట్టు పోతుందేమోనన్న దిగులు అప్పటిదాకా ఒక మూల ఉండనే ఉంది. అది ఆ క్షణంలో ఎటు పోయిందో తెలియదు. ఆయన లేచి నిలబడ్డారు. టోపీ రెండు చేతులతో పట్టుకున్నారు.

"నా పేరు అమరేశ్వరరావు. మీ చెట్టు కింద కూర్చోవచ్చా అని అడగడానికి వచ్చాను. వద్దంటే వెళ్ళిపోతాను."

డోరిస్ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. "శని, ఆదివారాలు టైలర్‌వి. వాడికి ఉద్యోగం ఉంది. నువ్వు రిటైరయ్యావు కాబట్టి సోమవారం నుంచి శుక్రవారం దాకా కూర్చో. ఈ అమ్మాయికి పశువుల కొట్టం వెనక మూల ఇస్తాను. ఈమె తలుపు బాగా తట్టింది." ఇంకో సున్నుండ తీసుకుంది. "ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉన్నారో టైలర్ ఫోనులో మ్యాపు ఒకటి పెట్టాడు. అందులో చేరు. ఒకరినొకరు కాల్చుకుంటే శుభ్రం చేసుకునే ఓపిక నాకు లేదు."

సరేనన్నారు. ఆ యాప్‌ని ఆయన ఫోనులో ఎక్కించడానికి నిఖిలకి ఇరవై నిమిషాలు పట్టింది. అందులో పదిహేను నిమిషాలు ఆయన పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకోవడానికే సరిపోయాయి.

ఈ ఏడు సీజన్ మొదలయ్యే ఏప్రిల్ ఇరవై అయిదు శనివారం వచ్చింది. అంటే మొదటిరోజు ఆయనది కాదు. ఇరవై రెండేళ్ళలో సీజన్ మొదటి పొద్దున ఇంట్లో కాఫీ తాగడం అదే మొదలు. ఎప్పట్లా మూడున్నరకే మెలకువ వచ్చేసింది. ఆరింటికి ఫోను తెరిచి మ్యాపు చూసుకున్నారు. మేపుల్ చెట్టు దగ్గర గుర్తు లేదు. టైలర్ పేరు అడవి అవతలి చివర, బీడు అంచున కనిపిస్తోంది. చెట్టు తనదేనని, ఆ రోజు తనదేనని తెలిసినా ఆ కుర్రాడు అటు వెళ్ళలేదు.

కప్పు చేతిలోనే ఉండిపోయింది. కాఫీ చల్లారిపోయింది. హైమావతిగారు వచ్చి ఆయన భుజం మీదుగా ఆ గుర్తుని చూశారు. వంటింట్లోకి వెళ్ళి, మూత పెట్టిన డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఏబ్రమ్‌కి ఇచ్చారు, డోరిస్‌కి ఇచ్చారు. మీరు వెళ్ళగొట్టిన పిల్లలకి ఎవరిస్తారు? నాకు ముందే తెలుసు, డోరిస్‌కి చేసిన రోజే రెండు డబ్బాలు చేశాను."

తొమ్మిదింటికి అమరేశ్వరరావుగారు డోరిస్ గేటు పక్కన, రోడ్డు మీద, డబ్బా పట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి అడవి వైపు నుంచి ఇద్దరు కుర్రాళ్ళు తుపాకులు భుజాన వేసుకుని వస్తూ కనిపించారు. చేతుల్లో ఏమీ లేదు. ఆ పూట ఏ పుంజూ పడలేదన్నమాట. ముందున్న పొడుగాటి కుర్రాడు ఈయన్ని చూసి గుర్తుపట్టాడు. అడుగు ఆగిపోయింది. మొహం ఎర్రబడింది.

"సార్, మేం అడిగాం" అన్నాడు తొందరగా. "డోరిస్‌గారిని అడిగాం. రెండుసార్లు అడిగాం."

"తెలుసు బాబూ. అడగనిది నేనే" అన్నారు అమరేశ్వరరావుగారు, టోపీ తీసి.

డబ్బా మూత తెరిచి వాళ్ళ ముందు పట్టుకున్నారు. వాళ్ళు ఒకరినొకరు చూసుకుని, తలా ఒకటి తీసుకున్నారు. రేపు పొద్దున ఏ చెట్టు కింద కూర్చోవాలో ఆయన దారి గుర్తులతో సహా చెప్పారు. బురదని ఎడమ వైపు నుంచి చుట్టి రావాలని, వీపు ఆనించే వేర్ల మధ్య ముందు ఆకులు తీసెయ్యాలని చెప్పారు. టైలర్ నోటినిండా సున్నుండతోనే తల ఊపుతూ, ఫోను తీసి గుర్తు పెట్టుకున్నాడు.